నీడను చదివిన సోనార్

నీటిలోకి ధ్వనిని పంపి, ప్రతిధ్వనితో జాడ పట్టే సోనార్ పుట్టింది పెద్ద వస్తువుల కోసం. 1912లో టైటానిక్ మునిగాక మంచుకొండలను ముందే పసిగట్టే ఉపాయం కోసం వెతుకులాట మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధం రాగానే ఆ వెతుకులాట జర్మన్ జలాంతర్గాముల మీదికి మళ్లింది. ఫ్రెంచి భౌతిక శాస్త్రవేత్త పాల్ లాంజెవిన్ క్వార్ట్జ్ స్ఫటికాలతో అతిధ్వనులు పంపి, 1918లో జలాంతర్గామి నుంచి ప్రతిధ్వని రాబట్టాడు.

తీరం దగ్గర, లోతులేని నీటిలో ఓడలను పేల్చేసే చిన్న మైన్‌ను వెతకడం మాత్రం వేరే విద్య. కొరియా యుద్ధంలో, 1950 అక్టోబరులో అక్కడి తీరాన ఆ సంగతి గట్టిగా తెలిసొచ్చింది. ఉత్తర కొరియా వొన్సాన్ రేవు దారిలో సుమారు 3,000 సోవియట్ మైన్లు పరిచింది. వాటిని ఏరడానికి వెళ్లిన పైరేట్, ప్లెడ్జ్ అనే రెండు అమెరికన్ ఓడలు 12వ తేదీన అక్కడే మునిగిపోయాయి. ఒడ్డున దిగాల్సిన మెరైన్లు దాదాపు వారం రోజులు సముద్రంలోనే పడిగాపులు కాశారు. వాళ్లు దిగేసరికే దక్షిణ కొరియా సైన్యం నేలదారిన వచ్చి ఊరిని పట్టుకుంది.

లోతు తక్కువైతే ధ్వని నీటి పైతలానికీ అడుగుకీ మధ్య పదేపదే కొట్టుకుంటుంది. రాళ్లు, గుల్లలు, ఇసుక మడతలు, అలల్లోని గాలిబుడగలు అన్నీ బదులు పలుకుతాయి. ధ్వనిని ఇంకా గట్టిగా పంపితే ఆ రొద కూడా అంతే పెరుగుతుంది.

దీనికి దారి చూపినవాడిగా నేను ముందు తలచుకునేది జూలియస్ హేగ్‌మన్‌ను. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీ నుంచి అమెరికా వెళ్లి, ఫ్లోరిడాలోని పనామా సిటీలో నౌకాదళ ప్రయోగశాలలో పనిచేశాడు. ఓడ వెనక లాగే పరికరం నుంచి ధ్వనిని రెండు పక్కలకీ సన్నని పట్టీలుగా, అడుగును ఏటవాలుగా తాకేలా పంపడం ఆయన పద్ధతి. అడుగున ఏదైనా పొడుచుకొని ఉంటే దాని వెనక ధ్వని చేరని చోటు మిగులుతుంది. సాయంకాలపు ఎండలో చిన్న రాయికైనా పొడుగు నీడ పడినట్టే. ప్రతిధ్వని రొదలో కలిసిపోయినా, అది గుండో గొట్టమో రాయో ఆ నీడ చెప్పేస్తుంది. 100 కిలోహెర్ట్జ్ ధ్వని తరంగదైర్ఘ్యం నీటిలో ఒకటిన్నర సెంటీమీటర్లే. చిన్న వస్తువు అంచులు తేలాలంటే అంత సన్నని అలలు కావాలి. 1958లో పెట్టుకున్న పేటెంటు దరఖాస్తును రహస్యంగా ఉంచేశారు. అది మంజూరైంది 1980లో. అప్పటికి హేగ్‌మన్ లేడు.

ఆ దరఖాస్తు అలా మూలుగుతుండగానే, 1960లలో ఎంఐటీ ప్రొఫెసర్ హెరాల్డ్ ఎడ్జర్టన్ ఈ సైడ్ స్కాన్ సోనార్‌ను నౌకాదళం బయటి పరిశోధకులకూ అందించాడు. ఇంగ్లండ్ దగ్గరి సోలెంట్ జలసంధిలో 1545లో మునిగిన మేరీ రోజ్ ఓడ జాడ 1967లో ఆయన సోనార్‌తోనే దొరికింది.

మైన్ పూర్తిగా బురదలో కూరుకుపోతే నీడ ఉండదు. అందుకే 2003లో ఇరాక్‌లోని ఉమ్ కసర్ రేవు దారిని శుభ్రం చేయడానికి అమెరికా నౌకాదళం యంత్రాలతో పాటు, బురదలోని వస్తువులను కూడా పసిగట్టేలా శిక్షణ పొందిన డాల్ఫిన్లను దింపింది.