వేషము – వ్యసనము

మరొకరి వేషమున జీవించు వేడుక కంప్యూటరుతో పుట్టినది కాదు. కాకుమానుకు ఇరుగుననున్న బాపట్లలో 1902లో జన్మించిన స్థానం నరసింహారావు, తెనాలి శ్రీరామవిలాస సభ నాటకములలో సత్యభామయై ఆంధ్రదేశమును ఉఱ్ఱూతలూపెను. 1956లో పద్మశ్రీ పొందెను. తెల్లవారుదాక సాగు ఆనాటి ప్రదర్శనలలో పద్యపద్యమునకు ‘వన్స్‌మోర్’ కేకలే! నాటకాల పిచ్చియని పెద్దలు ఈసడించిరి. ఆ మాట వట్టి అబద్ధమని నేననను. అయినను ఆ పిచ్చియే ఊరూర నాటక సమాజములను వెలయించి, గట్టుతగవులున్నవారిని సైతము ఒకే పందిరి క్రింద కూర్చుండబెట్టినది.

నేటి పిల్లలు ఆన్‌లైన్‌లో వేషము దాల్చి, ముఖమెరుగని దూరదేశపు తోడివారితో జట్టుగట్టి కోటలు ముట్టడించుచున్నారు. అదియు స్నేహమే. కాని నాటకమునకు తెల్లవారగానే తెర పడును, నటుడు రంగు కడుగుకొనును. ఈ ఆటకు తెర పడదు. మనము నిద్రించినను ఆ లోకము నడచుచునేయుండును. చిక్కంతయు అచటనే.

2019లో ఆమోదము పొంది 2022లో అమలునకు వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టికలో ఆటల వ్యసనమునకు చోటు దొరకినది. అందు గంటల లెక్క లేదు. పట్టు తప్పుట, తక్కిన పనులకంటె ఆటయే మిన్నయగుట, నష్టము కలిగినను మానలేకపోవుట – సాధారణముగా ఈ లక్షణములు 12 నెలలు కనబడవలెను. రాత్రి తోడివారితో ఆడి, ఉదయము పుస్తకము పట్టి బడికేగు పిల్లవానికి ఈ పేరు తగదు.