బెంగళూరు పేటలో మెడ సాధన

బెంగళూరు తిగళరపేటలోని ధర్మరాయస్వామి దేవాలయమునుండి చైత్రపూర్ణిమ నడిరేయి బయలువెడలు కరగమును చూచినవారెవ్వరును ఆ మల్లెపూల గోపురమునుండి దృష్టి మరల్పజాలరు. కాని ఆ ఉత్సవమందలి విద్య యంతయు పూల క్రింద తొణకక నిలిచిన మెడలో నున్నది. చీర కట్టి, గాజులు తొడిగి, చేయి తాకింపకయే కరగమును తలపై నుంచుకొని తెల్లవారువరకు వీథివీథిని త్రిప్పు ఆ తిగళ కులజుడును, కత్తులు దూసి వెంట నడచు వీరకుమారులును గరిడిమనెలలో, అనగా వ్యాయామశాలలలో, సాధన చేసి వచ్చినవారే. చిత్తూరు సీమలో ధర్మరాజు తిరునాళ్ళ నెరిగిన మనకు ఈ భక్తి క్రొత్త గాదు. శిరస్సుమీది బరువును సమతూకమున నిలుపుటకు మోటుబలము చాలదు. వెన్నుపూసను వెన్నుపూసపై అదుపున నుంచు లోపలి కండల ఓర్పు కావలెను.

గరిడిలో కర్లాకట్టలు, దండీలు, బస్కీలతోపాటు మెడకును పని కలదు. మల్లుడు వెల్లకిల వంగి, నడినెత్తిని గోదామట్టి కానించి, దేహభారమును మెడపై నిలిపి ముందువెనుకలకు ఊగును. ఇదే నగరమున వ్యాయామగురువగు ప్రొఫెసర్ కె.వి. అయ్యర్ తన హెర్క్యులీస్ వ్యాయామశాలలో డంబెల్లులను, సూర్యనమస్కారములను, యోగాసనములను ఒక్కటిగా కూర్చి, 1930లో 'మజిల్ కల్ట్' వెలువరించి, దూరపు శిష్యులకు టపాలో సైతము పాఠములు పంపెను. కన్నడమున 'శాంతల' నవలను వ్రాసిన రసజ్ఞుడాయన. శిల్పమువలె తీరిన దేహమాయన ఆదర్శము. అయితే ఛాయాచిత్రమున కనుపించు కండయే ఆనాటి వ్యాయామమున కెక్కువ ప్రీతిపాత్రమైనదని నా తలంపు.

1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వచ్చినది మొదలు ఈ నగరపు బ్రతుకుతెరువు క్రమముగా కంప్యూటరు తెర యెదుటికి జరిగినది. గడ్డము ముందుకు చాచి గంటలకొలది కూర్చుండు యువకులు మెడనొప్పితో ఫిజియోథెరపీ గదులకు వచ్చుచున్నారు. అచ్చట వారికి నేర్పు సాధన గోదాసాధనకంటె ఎంతో సూక్ష్మము. అన్నవాహికకు వెనుక, వెన్నుపూసల ముందుతట్టున అంటియుండు లాంగస్ కొల్లై, లాంగస్ కాపిటిస్ అను కండలు చేతికి దొరకవు. వీని పనిని పరోక్షముగా కొలుచు పద్ధతిని ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయమున గ్వెండొలిన్ జల్ మొదలగువారు 1990ల దశకమున రూపొందించిరి.

రోగి వెల్లకిల పండుకొనగా మెడక్రింద చిన్న గాలితిత్తి నుంచి, పాదరసమానమున 20 మిల్లీమీటర్ల వరకు గాలి నింపుదురు. తల యెత్తక, ఔనన్నట్లు గడ్డమును మెల్లగా వంచినచో మెడవంపు కొంత చదునై తిత్తిని నొక్కును. తిత్తికి తగిలించిన పీడనమాపకపు ముల్లు 22కు కదలును. ఇట్లు రెండేసి చొప్పున 30 దాక పోవుచు, మెట్టుమెట్టున పది సెకండ్లు నిలుపవలెను. చెవివెనుకనుండి రొమ్మెముకకు దిగు పైకండ బిగిసినచో వైద్యుడు వెంటనే ఆపించును, అది దొంగబలము గనుక. ముల్లు స్థిరముగా నిలిచిన పిమ్మటనే తలను పరుపునుండి ఎత్తు బరువుసాధన మొదలిడుదురు.