ఓడెక్కినవాళ్లు, రైలెక్కినవాళ్లు

మారిషస్‌లో ఏ ఊరి నుంచి ఏ ఊరికి వెళ్లినా దారి పొడుగునా చెరకు తోటలే. వాటి నడుమ అక్కడక్కడా నల్లరాళ్ల గుట్టలు కనిపిస్తాయి. కొన్ని మనిషికి రెండింతలు ఎత్తుంటాయి, కొన్నింటిని మెట్లు మెట్లుగా ఒద్దికగా పేర్చారు. మొదటిసారి చూసినప్పుడు పట్టాల కింద పోసే కంకర అనుకున్నాను. బెంగాల్‌లోని రైల్వే ఊరు ఖర్గపూర్‌లో పుట్టి పెరిగినవాడి కళ్లకు నల్లరాయి గుట్ట ఇంకెలా కనిపిస్తుంది!

అది కంకర కాదు. అగ్నిపర్వతాలు కక్కిన లావా చల్లారి గట్టిపడిన రాయి. దీవి అంతా దానితోనే తయారైంది. నాగలి దిగాలంటే ముందు రాళ్లు ఏరాలి. ఏరి ఒకచోట పేర్చాలి. ఆ పని మొదట బానిసలు చేశారు. వాళ్ల తర్వాత కూలీలుగా వచ్చిన మనవాళ్లు చేశారు. ‘మనవాళ్లు’ అని ఊరికే అనలేదు. ఆ కూలీల్లో గోదావరి నుంచి శ్రీకాకుళం దాకా ఉన్న తీరపు తెలుగువాళ్లూ ఉన్నారు.

ఆ రాయికీ మనకూ చుట్టరికం ఇంకా పాతది. రాజమండ్రి దగ్గర కాతేరు, పంగిడి క్వారీల్లో దొరికే నల్లరాయి సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కనును ముంచెత్తిన లావాలో భాగం. భూగర్భంలో ఏ వేడి ఊట దాన్ని పైకి తోసిందో, భారత ఫలకం ఉత్తరానికి జరిగిపోయాక అదే ఊట సముద్రం అడుగున లక్షదీవులు, మాల్దీవుల వరుసకు పునాది వేసింది. చివరికి మారిషస్‌ను, దాని పక్కనున్న రీయూనియన్‌ను లేపింది. మారిషస్ వయసు కోటి ఏళ్ల లోపే. మనుషులు ఓడెక్కకముందే గోదావరి తీరానికీ ఆ దీవికీ ఒకే పొయ్యి ఉండేదన్నమాట.

పొయ్యి నోరు చూడాలంటే క్యూర్‌పీప్ ఊళ్లోని ట్రూ ఓ సెర్ఫ్‌కు వెళ్లాలి. ‘జింకల గుంట’ అని అర్థం. డచ్చివాళ్లు 1639లో జావా నుంచి జింకలను తెచ్చి వదిలారు, పేరు అలా వచ్చింది. సుమారు 300 మీటర్ల వెడల్పున్న ఆ గుంట లోపలి వాలంతా చెట్లు, అడుగున కాస్త నీరు. చుట్టూ తారు రోడ్డు. పొద్దున్నే ఊళ్లోవాళ్లు చెమటలు కక్కుతూ నడుస్తుంటారు. అగ్నిపర్వతం అంటే ఉరుములూ మెరుపులూ ఊహించుకుని వెళ్తే నిరాశే. పార్కుకు వెళ్లినట్టే ఉంటుంది.

కొండ ఎక్కిన తృప్తి కావాలనుకుంటే ల పూస్ ఎక్కండి. 812 మీటర్లు. పేరుకు అర్థం బొటనవేలు, రూపమూ అంతే. సెయింట్ పియర్ వైపు చెరకు తోటల్లో మొదలయ్యే దారి కొంతదూరం అడవిలో నడిచి, ఆఖరున నిలువు రాతి మీద చేతులూ కాళ్లూ కలిపి ఎక్కిస్తుంది. వానాకాలం వెళ్తే ఆ రాయి సబ్బు. పైకి చేరాక ఒక పక్క పోర్ట్ లూయీ రేవు, ఇంకో పక్క నెత్తి మీద బండరాయి పెట్టుకున్న పీటర్ బోత్ శిఖరం. 1836 మే 2న ఇదే కొండ చార్లెస్ డార్విన్ ఎక్కాడు. బీగిల్ ఓడ తిరుగు ప్రయాణంలో అక్కడ ఆగింది. దీవి మధ్యలోని మెట్ట చుట్టూ పాత కొండలు ప్రాకారంలా ఎలా నిలిచాయో గమనించి రాసుకున్నాడు. రోడ్లు వేస్తున్న భారతీయ ఖైదీలను చూసి వాళ్ల ఠీవికి ఆశ్చర్యపోయాడు కూడా.

డార్విన్ రావడానికి ఏడాదిన్నర ముందే, 1834 నవంబరు 2న, ‘అట్లాస్’ ఓడ కలకత్తా నుంచి 36 మంది కూలీలను అక్కడ దింపింది. వాళ్లు తెలుగువాళ్లు కారు. ఛోటా నాగపూర్ కొండల ఆదివాసులు, అంటే మా ఖర్గపూర్‌కు పడమటి పక్కవాళ్లు. ఐదేళ్ల ఒప్పందం, నెలకు ఐదు రూపాయలు, బియ్యం, పప్పు, ఉప్పు. బానిసత్వం రద్దు 1835 ఫిబ్రవరిలో అమలైంది కనుక తోటల యజమానులకు కొత్త చేతులు అత్యవసరమయ్యాయి. తర్వాతి డెబ్బై ఎనభై ఏళ్లలో సుమారు నాలుగున్నర లక్షల మంది భారతీయులు ఆ రేవులో దిగారు. ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. దీన్ని ‘డబుల్ కట్’ అనేవారు.

మనవాళ్ల రేవు కోరంగి. గోదావరి ముఖద్వారంలో కాకినాడకు దక్షిణాన ఉంది. ఆ రేవు నుంచి వచ్చారు కనుక తెలుగువాళ్లకు మారిషస్‌లో ‘కొరింగీలు’ అనే పేరు పడింది. రంగూన్‌లోనూ అదే పేరు. ఎక్కిన రేవునే జాతి పేరు చేసేశారు. 1839 నవంబరులో వచ్చిన పెనుతుఫాను ఆ రేవును దాదాపు తుడిచిపెట్టింది. అంతకుముందు 1789లో కోరంగిని ముంచిన తుఫాను గురించి కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ రాశాడు. ‘సైక్లోన్’ అనే మాటను పుట్టించింది ఆయనే. ఆ మాట వెనక మన ఊరు ఒకటుందని బళ్లో మాకెవరూ చెప్పలేదు.

పోర్ట్ లూయీలో కూలీలు దిగిన చోటును ఇప్పుడు ఆప్రవాసీ ఘాట్ అంటారు. 1849లో కట్టిన డిపోలో మిగిలింది కొద్ది గోడలు, గదులు, రాతిమెట్లు. యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. చూడటానికి అరగంట చాలు. మెట్ల దగ్గర మాత్రం కాలు కదలదు. 1850ల మొదట్లో ప్రభుత్వం ఒక చిన్న మార్పు చేసింది: ఒప్పందం ముగిశాక కూలీని ఉచితంగా స్వదేశానికి పంపాలన్న నిబంధనను ఎత్తేసింది. రావడానికి ఓడ ఖర్చు యజమానిది, పోవడానికి కూలీది. నెలకు ఐదు రూపాయలవాడు సముద్రం దాటి ఇంటికెలా పోతాడు?

నైరుతి మూలనున్న ల మోర్న్ కొండ 556 మీటర్లు. పారిపోయిన బానిసలు దాక్కున్న చోటు కనుక యునెస్కో 2008లో దాన్నీ గుర్తించింది. బానిసత్వం రద్దయిందని చెప్పడానికి వస్తున్న సిపాయిలను చూసి, పట్టుకోవడానికే వస్తున్నారనుకుని కొండ మీది నుంచి దూకేశారని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఎక్కేవాళ్లు తెల్లవారుజామునే బయల్దేరడం మంచిది, ఎండ మాడుస్తుంది. నేను సగంలో ఆగి సముద్రాన్ని చూస్తూ కూర్చున్నాను. మోకాళ్ల మాట వినక తప్పలేదు.

నన్ను అన్నిటికంటే కదిలించింది కొండలు కాదు, సింహాద్రి అప్పన్న. మారిషస్ తెలుగువాళ్లు అప్పన్నకు మొక్కుతారు, అమ్మోరు పండుగ చేస్తారు, దీపస్తంభాన్ని నడుమ పెట్టి చుట్టూ తిరుగుతూ రాత్రంతా రామభజన పాడతారు. ఇంట్లో మాట్లాడేది ఎక్కువగా క్రియోల్. తెలుగు మాట జారిపోయినా కొండ దేవుడి పేరు జారలేదు. 1947లోనే మారిషస్ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. ఉగాది ఆ దేశంలో జాతీయ సెలవు. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. నటాషా అప్పన్న అనే ఫ్రెంచి నవలా రచయిత్రి పూర్వీకులు తెలుగు కూలీలు. 2003లో వచ్చిన ఆమె తొలి నవల కూలీల కథే. ఇంటిపేరులో అప్పన్న అలాగే కూర్చున్నాడు.

మా తాత కూడా అప్పన్న భక్తుడే. ఉత్తరాంధ్ర నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వేలో ఖలాసీగా చేరడానికి ఖర్గపూర్ వచ్చాడు. 1900 ప్రాంతంలో కలకత్తాకూ మద్రాసుకూ పట్టాలు కలిశాక, వర్క్‌షాపు లేచాక శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల నుంచి ఇలా వచ్చినవాళ్లు వేలల్లో ఉన్నారు. మారిషస్ వెళ్లినవాళ్లవీ వీళ్లవీ అవే ఊళ్లు, అవే కరువులు. తేడా అరవై ఏళ్లు, ఇంకో తేడా రైల్వే పాసు. మా తాత సంక్రాంతికి మెయిలెక్కి ఊరెళ్లేవాడు. పెళ్లిళ్లు ఊళ్లోనే చేశాడు, పిల్లను ఊరి నుంచే తెచ్చాడు. అందుకే ఖర్గపూర్ గోల్‌బజార్‌లో నేటికీ ఉత్తరాంధ్ర యాస వినిపిస్తుంది. 1927లో వర్క్‌షాపు కార్మికులు సమ్మెకు దిగిన రోజుల్లో వాళ్ల సంఘంలో వి.వి.గిరి ఉన్నారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష గుర్తింపు ఇవ్వాలని నిర్ణయించిందంటే, దాని వెనక ఖర్గపూర్ తెలుగువాళ్లు ఏళ్ల తరబడి అడిగిన మాట ఉంది.

భాష నిలబెట్టుకున్నామని మనం మీసం మెలేయక్కర్లేదు. మనకు తిరుగు టికెట్ ఉంది, వాళ్లకు లేదు. లేకుండా కూడా అప్పన్నను వదలనివాళ్లు వాళ్లు. నా లెక్కలో వాళ్లదే పెద్ద పని.

మోకా ఊళ్లోని మహాత్మా గాంధీ సంస్థలో ఆ కూలీల రిజిస్టర్లు ఉన్నాయి. పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, ఎత్తు, ఒంటి మీది గుర్తులు, వచ్చిన ఓడ అన్నీ రాసి ఉంటాయి. అయితే ఊరి పేరు రాసింది తెలుగు రాని గుమాస్తా. వాడి చెవికి ఎలా వినపడితే అలా రాశాడు. అక్కడి తెలుగు కుటుంబాలు తమ ఊరు ఏదో వెతుక్కుంటూ మన తీరానికి వచ్చినప్పుడు ఆ రాతలు పట్టుకునే వస్తున్నాయి. మీ ఇంట్లో ఎవరైనా పెద్దవాళ్లు ‘మా ముత్తాత తమ్ముడు ఓడెక్కి మళ్లీ రాలేదు’ అని చెబితే, ఆ పేరూ ఊరి పేరూ ఒక కాగితం మీద తెలుగులో రాసి ఉంచండి.