పూర్ణోదయకు పొద్దువాలిన వేళ

పూర్ణోదయ అనే ఆ పాటల వాకిలి మూతపడిందని మనకు ముందే తెలుసు. తెలిసీ, కొత్తపేటలో పుట్టిన ఏడిద నాగేశ్వరరావుగారి కథ మళ్లీ చెప్పుకోబుద్ధవుతుంది. చెబుతున్నంతసేపూ 1992 దగ్గరపడుతోందన్న దిగులు లోపల మెదులుతూనే ఉంటుంది.

నాటకాల మీద ప్రేమతో, నటుడవుదామని మద్రాసు వెళ్లిన కోనసీమ మనిషి. చిన్నాచితకా వేషాలు వేసి, చివరికి పూర్ణోదయ సంస్థతో నిర్మాతయ్యారు. 1980 ఫిబ్రవరి 2న ‘శంకరాభరణం’ విడుదలైంది. పేరున్న హీరో లేడు, నెరిసిన జుట్టు విద్వాంసుడు శంకరశాస్త్రే కథానాయకుడు. మొదట హాళ్లు వెలవెలబోయాయి. ఆ తర్వాత పాట ఊరూరా పాకింది. సంగీత దర్శకుడు మహదేవన్‌కీ, గాయకులు బాలుకీ, వాణీ జయరామ్‌కీ జాతీయ పురస్కారాలు తెచ్చింది.

ఆ సినిమాలో గిటార్లు పట్టుకొచ్చిన కుర్రకారు శంకరశాస్త్రిని ఎగతాళి చేస్తారు. బయట, అదే ఏడాది, దేశం ‘ఖుర్బానీ’ డిస్కోకి ఊగిపోయింది. గిటారు మీద నాకు కోపం లేదు సుమా! మరుసటేడు ‘సీతాకోకచిలుక’లో, 1983లో ‘సాగరసంగమం’లో ఇళయరాజా పడమటి వాద్యాలనీ మన రాగాలనీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి వడ్డించారు. ‘సితార’లో గోదారి వెన్నెలని పాడి జానకమ్మ జాతీయ పురస్కారం అందుకున్నారు. ‘స్వాతిముత్యం’ మన దేశం తరఫున ఆస్కారు పోటీకి వెళ్లింది. అన్నీ పూర్ణోదయవే. ఎంత పచ్చని కాలం!

అక్కడే కాలం కాసేపు నిలిచిపోతే ఎంత బాగుండును. 1989లో కొడుకును హీరోగా పెట్టి తీసిన ‘స్వరకల్పన’ నిలబడలేదు. 1992 అక్టోబరులో ‘ఆపద్బాంధవుడు’. కీరవాణి పాటలు, విశ్వనాథ్ దర్శకత్వం, చిరంజీవి నటన, దేనికీ వంక పెట్టలేం. కానీ ఆ వేసవిలోనే ‘ఘరానా మొగుడు’ చూసి ఈలలేసిన జనం ఆ చిరంజీవి కోసమే వచ్చి, పశువులు కాసుకునే అమాయకుణ్ణి చూసి మౌనంగా వెళ్లిపోయారు. ఆ వేడి చల్లారాక విడుదల చేసుంటే? ఒక్క ఏడాది ఆగుంటే? ఇప్పుడడిగి ఏం లాభం, అయినా అడక్కుండా ఉండలేను.

ఆయన మళ్లీ సినిమా తీయలేదు. పాటకు ఆదరణ పోయి ఒంటరైన కళాకారుడి కథ చెప్పిన నిర్మాతకే ఆ ఒంటరితనం రాసిపెట్టి ఉంది. శంకరశాస్త్రి కోసం కడపట, ఆయన పాటని ఆరాధించే తులసి వచ్చింది, కచేరీ పెట్టించింది, పాటని అందుకునే పసివాణ్ణి ఇచ్చింది. నాగేశ్వరరావుగారికి అలాంటి ఆఖరి అంకం ఎవరూ రాయలేదు. ఇరవై మూడేళ్లు అలాగే గడిచాయి. 2015 అక్టోబరు 4న హైదరాబాదులో కన్నుమూశారు.

మహదేవన్, పాటలు రాసిన వేటూరి అప్పటికే లేరు. 2020లో బాలు వెళ్లిపోయారు. 2023 ఫిబ్రవరి 2న, ‘శంకరాభరణం’ విడుదలైన తేదీనాడే, ఆ సినిమా దర్శకుడు విశ్వనాథ్. రెండు రోజులు తిరక్కుండానే వాణీ జయరామ్.