మీ బొమ్మలు ఎవరి జాగాలో ఉన్నాయి? జియోసిటీస్ కథ

పోయిన నెల మా పిన్ని కొడుకు రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. "అన్నా, నా అకౌంట్ పోయింది." వాడు బొమ్మలు వేస్తాడు. నాలుగేళ్ల పని, ఆర్డర్లు ఇచ్చినవాళ్ల మెసేజ్‌లు, అన్నీ ఒకే యాప్‌లో. ఎవడో హ్యాక్ చేశాడు. ఎన్ని మెయిల్స్ పెట్టినా ఆటోమేటిక్ రిప్లై తప్ప మనిషి పలకలేదు. ఆ రాత్రి వాడికి చెప్పిన కథే ఇవాళ్టి ఎపిసోడ్.

1994లో అమెరికాలో డేవిడ్ బోనెట్, జాన్ రెజ్నర్ ఒక కంపెనీ పెట్టారు. తర్వాత అదే జియోసిటీస్ అయింది. ఫ్రీగా జాగా ఇస్తాం, పేజీ మీరే కట్టుకోండి అన్నారు. ఊళ్లో పేటలున్నట్టు దాంట్లోనూ పేటలు. ఆర్టిస్టుల పేట పేరు సోహో. న్యూయార్క్‌లో పాత ఫ్యాక్టరీ బిల్డింగుల్లో ఆర్టిస్టులు చేరిన ఏరియా పేరు అది. అడ్రస్‌లో పేట పేరు, ఇంటి నంబరు కూడా ఉండేవి! గ్యాలరీ గడప తొక్కకుండానే బొమ్మ ప్రపంచానికి చూపించొచ్చు. ఆ రోజుల్లో అది మామూలు విషయం కాదు.

1999లో యాహూ దాన్ని 350 కోట్ల డాలర్ల పైచిలుకు విలువకు కొంది. 2009 అక్టోబర్ 26న మూసేసింది, జపాన్‌లో తప్ప. ఆర్కైవ్ టీమ్ అనే వాలంటీర్లు ముందే కాపీ చేసి చాలా పేజీలు కాపాడారు. చాలా అంటున్నా, అన్నీ అనట్లేదు. పోనీ తర్వాతైనా మారామా? 2019లో మైస్పేస్, సర్వర్లు మార్చడం వల్ల మూడేళ్లకు ముందు ఎక్కించిన పాటలు, ఫోటోలు ఇక దొరక్కపోవచ్చని చెప్పేసింది.

ఇప్పుడు మాస్కో వెళ్దాం. ఓల్యా లియాలినా అనే ఆర్టిస్టు 1996లో 'మై బాయ్‌ఫ్రెండ్ కేమ్ బ్యాక్ ఫ్రమ్ ద వార్' చేసింది. యుద్ధం నుంచి అబ్బాయి తిరిగొచ్చాడు, ఇద్దరికీ మాటలు కుదరట్లేదు. మీరు క్లిక్ చేసిన కొద్దీ స్క్రీన్ ముక్కలవుతుంది. ఇంజనీర్‌ని కదా, సోర్స్ తెరిచి చూశా. ఉత్త హెచ్‌టీఎంఎల్ ఫ్రేమ్స్, నలుపు తెలుపు బొమ్మలు! బీటెక్‌లో మేం పాత చింతకాయ పచ్చడి అని దాటేసిన చాప్టర్ అది.

1998లో ఆవిడ ఆర్ట్ టెలిపోర్టాసియా అని సొంత ఆన్‌లైన్ గ్యాలరీ తెరిచి, నెట్ ఆర్ట్‌ని అమ్మకానికి పెట్టింది. ఎవరైనా కాపీ కొట్టొచ్చు కదా అంటే, అసలుదేదో అడ్రస్ బార్ చెప్తుంది అన్నది ఆవిడ వాదన. నాకు ఇక్కడే బల్బు వెలిగింది. డొమైన్ మీ పేరున ఉంటే, హోస్టింగ్ కంపెనీ మూతపడినా ఫైళ్లు ఇంకోచోట పెట్టి అదే అడ్రస్‌ని అటు తిప్పుకోవచ్చు. చూసేవాళ్లకి తేడా తెలీదు. యాప్‌లో ఆ తాళం మన చేతిలో ఉండదు. అలాగని యాప్ మానేయమనట్లేదు, జనం ఉన్నది అక్కడే. అక్కడ ఒక బొమ్మ చూపించి, మిగతావాటికి మీ ఇంటికి పిలవండి. కొన్నవాళ్ల ఈమెయిల్స్ మీ దగ్గర రాసిపెట్టుకోండి. ఫైళ్లు హార్డ్ డిస్క్‌లో కూడా ఉండాలి, ఇది మాత్రం బతిమాలి చెప్తున్నా.

అన్నట్టు, జియోసిటీస్‌లో మిగిలిన పేజీల్ని తర్వాత డ్రాగన్ ఎస్పెన్‌షీడ్‌తో కలిసి మళ్లీ జనానికి చూపించింది కూడా ఈ లియాలినానే.

మావాడు డొమైన్ కొన్నాడు. ఒకటే పేజీ, నేనే కట్టిచ్చా. పాత కస్టమర్ల వాట్సాప్‌లో వెతికితే పదకొండు బొమ్మలు దొరికాయి, అవి పెట్టాం. అకౌంట్ ఇంకా రాలేదు.