వర్తకులు నిలబెట్టిన వాద్యబృందం

జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో 1743 మార్చి 11న పదహారుమంది పెద్దమనుషులు కలిసి పదహారుమంది వాద్యకారులను పోషించడానికి పూనుకొన్నారు. ఆ రోజుల్లో ఐరోపాలో పెద్ద వాద్యబృందమంటే రాజుల కొలువులోనో, ప్రభువుల ఇంటనో ఉండేది. ఇక్కడ రాజు లేడు. వర్తకులూ, వారి చందాలూ ఉన్నాయి. రాజ్యాలు పోయినా ఈ బృందం 280 ఏళ్లు దాటి నేటికీ కచేరీలు చేస్తున్నదంటే, ఆ చందా పుణ్యమేనని నా అభిప్రాయం.

మొదట ఇళ్లలోను, తరువాత 'మూడు హంసలు' అనే సత్రంలోను వాయించారు. 1781లో బట్టల వర్తకుల భవనంలో వీరికొక హాలు ఏర్పడింది. 'గెవాండ్' అంటే వస్త్రం, 'హౌస్' అంటే ఇల్లు. అదే పేరు స్థిరపడి గెవాండ్‌హౌస్ ఆర్కెస్ట్రా అయింది. మన కచేరీలో ఒక విద్వాంసుడుంటాడు, పక్కవాద్యాలుంటాయి. సింఫనీలో వందమంది దాకా కాగితం మీద రాసిన స్వరం తప్పకుండా వాయించాలి. ముందు నిలబడిన కండక్టరు ఏ వాద్యమూ ముట్టడు గాని అందరి బాధ్యతా అతనిదే. ఆఫీసు సూపరింటెండెంటు వంటి ఉద్యోగమన్నమాట!

మన సంఘ సభ్యులు ముఖ్యంగా గమనించవలసిన సంగతి ఒకటున్నది. 1786లోనే, వృద్ధులై జబ్బుపడిన వాద్యకారుల కోసం అక్కడ పింఛను నిధి ఏర్పడింది. మనలో పింఛను కాగితాల కోసం నెలల తరబడి తిరగనివారు అరుదు. నావైతే సర్వీసు రిజిస్టరులో ఒక సంతకం లేదని ఏడు నెలలు ఆగాయి. అందుచేత ఆ 1786 అనే అంకె చూసి నేను చాలాసేపు ఆగిపోయాను. ఫిడేలు పట్టిన చెయ్యి వణికితే ఆ మనిషి గతేమిటని ఆనాడే ఆలోచించినవారున్నారు.

1835లో మెండెల్‌సన్ కండక్టరుగా వచ్చాడు. అప్పటికతనికి ఇరవై ఆరేళ్లు. షూబర్ట్ చనిపోయిన పదేళ్లకు, వియన్నాలో మూలపడి ఉన్న అతని పెద్ద సింఫనీ ప్రతిని షూమన్ కనిపెట్టగా, 1839లో మెండెల్‌సన్ దానిని తొలిసారి ఇక్కడే వాయింపజేశాడు. ఇంత పేరున్నవాడు వాద్యకారుల జీతాలు పెంచమని నగర పాలకులకు విజ్ఞప్తులు కూడా పెట్టుకున్నాడు. 1843లో సంగీత విద్యాలయం స్థాపించి, 1847లో ముప్ఫై ఎనిమిదేళ్లకే కన్నుమూశాడు.

ఆ తరువాత బ్రామ్స్ వంటివారి కొత్త రచనలు, నికిష్, ఫుర్ట్‌వాంగ్లర్ వంటి కండక్టర్లు; అదంతా రాస్తే ఈ సంచిక చాలదు. 1884లో పెద్ద హాలు కట్టారు. 1892లో దాని ముందు మెండెల్‌సన్ విగ్రహం పెట్టారు.

1933లో నాజీలు రాగానే కండక్టరు బ్రూనో వాల్టర్‌ను యూదుడన్న కారణంగా వేదిక ఎక్కనివ్వలేదు. మెండెల్‌సన్ పుట్టుక కూడా యూదు కుటుంబంలోనే. 1936 నవంబరులో, మేయరు గోర్డలర్ ఊళ్లో లేని సమయం చూసి ఆ విగ్రహాన్ని రాత్రికి రాత్రి తొలగించారు. గోర్డలర్ అందుకు నిరసనగా పదవి వదులుకున్నాడు. తరువాత హిట్లర్‌కు వ్యతిరేకంగా పనిచేసి 1945లో ఉరికంబం ఎక్కాడు. ఒక విగ్రహం కోసం కుర్చీ వదిలిన అధికారిని నా సర్వీసులో నేను చూడలేదు. యుద్ధంలో బాంబులు పడి హాలూ పోయింది.

తూర్పు జర్మనీ కాలంలో కుర్ట్ మసూర్ కండక్టరుగా ఉండగా 1981లో ఇప్పటి హాలు తెరిచారు. 1989 అక్టోబరు 9న ఆ చౌకులోనే 70 వేలమంది ప్రభుత్వాన్ని ఎదిరించి ఊరేగింపు తీశారు. సాయుధ బలగాలు సిద్ధంగా ఉన్నాయి. ఆ సాయంత్రం మసూర్, మరి ఐదుగురూ కలిసి శాంతి కోరుతూ రాసిన విజ్ఞప్తిని మసూర్ గొంతుతోనే ఊరంతా లౌడ్‌స్పీకర్లలో విన్నది. తుపాకి పేలలేదు. తరువాతి వారాలలో ప్రజల చర్చలకు అదే హాలు తలుపులు తెరిచారు.

నేడు ఈ బృందంలో సుమారు 185 మంది ఉన్నారు. హాలులో కచేరీలు, ఆపెరాలో వాద్యం, బాఖ్ పనిచేసిన సెయింట్ థామస్ చర్చిలో సేవ: మూడు డ్యూటీలూ వీరివే. ఆ చర్చికి ఎదురుగానే 2008లో మెండెల్‌సన్ విగ్రహాన్ని మళ్లీ చేయించి నిలబెట్టారు.