పార్కింగ్ చలాన్: కోర్టు మెట్లెక్కకుండా కేసు ముగించే వర్చువల్ కోర్టు

నో పార్కింగ్‌లో బండి పెట్టినందుకు పడిన చలాన్ కట్టకుండా వదిలేస్తే అది పోలీసుల దగ్గరే ఆగిపోదు, కేసుగా మేజిస్ట్రేట్ ముందుకు పోతుంది. అక్కడికి వెళ్లాలంటే ఒక పూట పని మానుకోవాలి. ఆటో నడిపేవాళ్లకు, బండి మీద సరుకు అమ్ముకునేవాళ్లకు జరిమానా కంటే ఆ పూట పోయిన సంపాదనే బరువు. ఈ తిరుగుడు తప్పించడానికి వచ్చిందే వర్చువల్ కోర్టు. సుప్రీంకోర్టు ఈ-కమిటీ చూస్తున్న ఈ-కోర్ట్స్ ప్రాజెక్టులో భాగంగా 2019లో ఢిల్లీ తీస్ హజారీలో ఇది మొదలైంది. తర్వాత హర్యానా, మహారాష్ట్ర, కర్ణాటక, కేరళ వంటి రాష్ట్రాలకూ వచ్చింది. బెంగళూరులో చలాన్ పడి, సొంతూరు కర్నూలుకో హైదరాబాద్‌కో వచ్చేసినవాళ్లకు దీని అవసరం బాగా తెలుస్తుంది.

నిజానికి కోర్టుకు రాకుండా తప్పు ఒప్పుకునే వీలు కొత్తది కాదు. 1988 మోటారు వాహనాల చట్టంలోని 208వ సెక్షన్ ప్రకారం చిన్న కేసుల్లో సమన్లు అందుకున్న వ్యక్తి స్వయంగా రావచ్చు, వకీలును పంపవచ్చు, లేదంటే తప్పు ఒప్పుకుంటూ జరిమానాను మనీ ఆర్డర్ చేయవచ్చు. మనీ ఆర్డర్ కూపన్ మీద రాసే ఆ ఒప్పుకోలే ఇప్పుడు ఫోన్‌లో ఒక బటన్ అయింది.

పద్ధతి సులువే. చలాన్ కోర్టుకు చేరాక మేజిస్ట్రేట్ జరిమానా ఎంతో నిర్ణయిస్తారు, ఎస్‌ఎంఎస్ వస్తుంది. వర్చువల్ కోర్టు వెబ్‌సైట్‌లో రాష్ట్రం ఎంచుకుని మొబైల్ నంబరు, బండి నంబరు లేదా చలాన్ నంబరుతో వెతికితే కేసు కనిపిస్తుంది. కింద రెండు దారులుంటాయి: జరిమానా కడతాను, లేదా కేసు పోరాడతాను. కడితే కేసు అక్కడితో ముగుస్తుంది, రసీదు దాచుకోవాలి.

చాలామంది పొరబడేది ఇక్కడే. వర్చువల్ కోర్టు అంటే జడ్జిగారితో వీడియోలో మాట్లాడటం అనుకుంటారు. కాదు, ఇక్కడ వినికిడి ఉండదు. డబ్బు కట్టడమంటే తప్పు ఒప్పుకోవడమే. 2019 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో 177వ సెక్షన్ కింద మొదటి తప్పుకు జరిమానా 500 వరకు, మళ్లీ చేస్తే 1,500 రూపాయల వరకు పెరిగింది. పోలీసుల దగ్గరే రాజీ చేసుకుంటే కట్టాల్సిన మొత్తాన్ని ఏ రాష్ట్రానికారాష్ట్రం నిర్ణయించుకుంటుంది.

పోరాడతానని నొక్కితే కేసు ఆ ప్రాంతపు మామూలు కోర్టుకు బదిలీ అవుతుంది. అంటే తప్పు చేశానన్నవాడికి ఇంట్లో కూర్చుని పని అయిపోతుంది, చేయలేదన్నవాడే తిరగాలి. బండి ఎప్పుడో అమ్మేసినా పేరు మారని పాత యజమానికి, నంబరు ప్లేటు నకలు చేసుకుని ఎవరో తిరిగితే ఇరుక్కున్నవాళ్లకు ఇది పెద్ద అన్యాయమే. తిరగలేక, చేయని తప్పుకు డబ్బు కట్టేవాళ్లుంటారు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 530వ సెక్షన్ విచారణలను ఎలక్ట్రానిక్ పద్ధతిలో జరపవచ్చని చెబుతోంది. జరిపి తీరాలని మాత్రం అనలేదు. కాబట్టి దూరంగా ఉన్నవాళ్లు వీడియోలో హాజరవుతామని కోర్టును ముందే అడుక్కోవాలి, లేదా వకీలును పెట్టుకోవాలి. చలాన్‌తో వచ్చిన ఫొటో, అందులోని తేదీ, సమయం, బండి అమ్మిన కాగితాలు దగ్గర పెట్టుకుంటే పని తేలికవుతుంది.

హైదరాబాద్ విషయానికొస్తే, ఇక్కడి జనానికి అలవాటైంది పోలీసు ఈ-చలాన్ సైటు, లోక్ అదాలత్, అప్పుడప్పుడు వచ్చే రాయితీలు. 2022 మార్చిలో టూవీలర్ల పెండింగ్ చలాన్లపై 75 శాతం, 2023 డిసెంబరులో 80 శాతం తగ్గించారు. మళ్లీ ఎప్పుడో తగ్గిస్తారులే అని కూర్చుంటే ఈలోపు కేసు కోర్టుకెక్కవచ్చు.

ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లకు వచ్చే చలాన్ మెసేజ్‌ల మీద ఓ కన్నేసి ఉంచాలి. వాట్సాప్‌లో ఏపీకే ఫైల్ పంపి 'చలాన్ చూసుకోండి' అంటే అది మోసమే, తెరవకూడదు. అసలు సర్కారీ సైట్ల చిరునామా 'జీఓవీ డాట్ ఇన్'తో ముగుస్తుంది. లింకు నొక్కకుండా ఆ సైటు మనమే తెరిచి బండి నంబరు కొట్టి చూసుకోవడం మేలు. ఆన్‌లైన్ పని చేతకానివాళ్లకు చాలా కోర్టుల ఆవరణల్లో ఈ-సేవా కేంద్రాలున్నాయి, కేసు వివరాలు అక్కడ అడిగి తెలుసుకోవచ్చు.